బంతి, కాలెండ్యులా: ఒకే ఆంగ్ల నామం, రెండు మొక్కలు – చర్మసంరక్షణలోను వైద్యంలోను వాటి వినియోగం

పరిచయం

బంతిపూల తోరణం లేని పండుగ తెలుగునాట లేదు. సికింద్రాబాదులో ఆషాఢమాసపు ఉజ్జయిని మహంకాళి బోనాలు మొదలుకొని బతుకమ్మ, దసరా, దీపావళి వరకు మోండా మార్కెట్టులోను, హైదరాబాదు గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులోను బంతిపూలు రాశులుగా పోసి అమ్ముతారు. అవే వీధులలోని మందుల దుకాణాలలో "మారిగోల్డ్" అని ముద్రించిన చర్మలేపనాలు, ముఖానికి రాసుకొనే క్రీములు, సబ్బులు, హోమియో అంగళ్ళలో కాలెండ్యులా ద్రావణాలు దొరుకుతాయి. మారిగోల్డ్ అనగా బంతి అని పాఠశాలలోనే నేర్చుకొన్న పాఠకుడు ఈ రెండింటినీ కలిపి చూడడం సహజం. లేపనంలో ఉన్న పూవు తమ పెరటిలో ఉన్నదే అనుకొని బంతిరేకులను నూరి ముఖానికి పూసుకొనేవారు, కొబ్బరినూనెలో కాచి గాయాలకు వాడేవారు ఉన్నారు. ఇంట్లో సబ్బులు, లేపనాలు తయారుచేసి అమ్మదలచిన మహిళా బృందాలు కూడా ఇదే భావనతో విస్తరణ శాస్త్రవేత్తలను సలహా అడుగుతుంటాయి.

నిజానికి చర్మలేపనాలలో వాడే మారిగోల్డ్ మన బంతి కాదు. అది కాలెండ్యులా అఫిసినాలిస్ అనే వేరొక మొక్క. మన బంతి టాజెటిస్ ప్రజాతికి చెందినది. రెండూ ఆస్టరేసి కుటుంబానికి చెందినవే అయినా వాటి రసాయన సంఘటన వేరు, చర్మంపై వాటి ప్రభావం వేరు, వాటిపై చట్టాల దృష్టి కూడా వేరు. ఒకదానిపై జరిగిన పరిశోధన ఫలితాన్ని రెండవదానికి అన్వయించడం శాస్త్రరీత్యా తప్పు మాత్రమే కాదు, వాడేవారి చర్మానికి హాని చేయగలదు కూడా. ఈ రెండు మొక్కలను గుర్తించే విధానం, ఒక్కొక్కదాని ఔషధ వినియోగానికి గల ఆధారాలు, క్షేత్రస్థాయిలో ఇవ్వదగిన సలహాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

పేరులోని చిక్కు

తెలుగులో "బంతి" అనే పేరు పూవు ఆకారాన్ని బట్టి ఏర్పడినది. గుండ్రంగా, నిండుగా ఉన్న పూవు బంతి. రేకులు దట్టంగా ఉన్నది ముద్దబంతి, ఒక్క వరుస రేకులు గలది రెక్కబంతి. ఈ పేరు ఒకే వృక్షజాతికి పరిమితం కాలేదు. బొగడబంతి (గాంఫ్రీనా గ్లోబోసా) అమరాంథేసి కుటుంబానికి చెందిన మొక్క. దానికీ బంతిపూవుకూ ఆకారంలో తప్ప మరే సంబంధమూ లేదు. కావున లోకవ్యవహారంలోని పేరును ఆధారం చేసికొని ఔషధ గుణాన్ని నిర్ణయించరాదనడానికి మన భాషలోనే ఉదాహరణ కలదు.

ఆంగ్లంలో చిక్కు మరింత పాతది. మారిగోల్డ్ అనే పేరు మొదట ఐరోపా తోటలలోని కాలెండ్యులాదే. 16వ శతాబ్దిలో మెక్సికో ప్రాంతం నుండి టాజెటిస్ మొక్కలు ఐరోపాకు చేరినప్పుడు, పూవు రంగులోని పోలికను బట్టి వాటికీ అదే పేరు అంటుకొన్నది. పొడవుగా పెరిగి పెద్ద పూలు పూసే టాజెటిస్ ఎరెక్టాను ఆఫ్రికన్ మారిగోల్డ్ అని, పొట్టిగా పెరిగి ఎరుపు, పసుపు కలగలిసిన చిన్న పూలు పూసే టాజెటిస్ పాట్యులాను ఫ్రెంచ్ మారిగోల్డ్ అని వ్యవహరించారు. వాస్తవానికి ఈ రెండింటి జన్మస్థానం ఆఫ్రికా కాదు, ఫ్రాన్సూ కాదు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలే వీటి పుట్టిల్లు. లిన్నేయస్ 1753లో ఈ మూడు మొక్కలకు శాస్త్రీయ నామాలను స్థిరపరచినా, వ్యాపార నామాలు మాత్రం నేటికీ కలగలిసే ఉన్నవి.

బంతి అమెరికా ఖండం నుండి వచ్చినదన్న విషయం మరొక కారణం వలన కూడా గుర్తుంచుకోదగినది. చరక, సుశ్రుత సంహితల కాలంలో ఈ మొక్క మన దేశంలో లేదు. కావున బంతికి వేల సంవత్సరాల ఆయుర్వేద ప్రమాణం కలదని ప్రకటనలలో కనిపించే వాక్యాలను విద్యార్థులు యథాతథంగా స్వీకరించరాదు. మన గృహవైద్యంలో బంతికి స్థానం ఉన్నది గాని, అది గత నాలుగైదు శతాబ్దులలో ఏర్పడిన అనుభవ సంప్రదాయం.

గుర్తింపు లక్షణాలు

పూవు రంగును చూసి ఈ రెండు మొక్కలను వేరుచేయడం కష్టం. రెండింటిలోనూ పసుపు, నారింజ రంగులు కలవు. ఆకు, వాసన, పుచ్ఛకాలు, విత్తనం అనే నాలుగు లక్షణాలను పరిశీలించినచో పొరపాటుకు తావుండదు.

1. ఆకు: బంతి ఆకు పిచ్ఛాకార సంయుక్త పత్రం. చిన్న చిన్న పత్రకాలుగా చీలి, అంచులు రంపపు పళ్ళవలె ఉంటాయి. కాలెండ్యులా ఆకు సరళ పత్రం. పొడవుగా, చీలికలు లేకుండా, నూగుతో కొంచెం జిగటగా ఉంటుంది.

2. వాసన: బంతి ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూసినచో తైలగ్రంథులు చుక్కలుగా కనిపిస్తాయి. నలిపినచో ఘాటైన వాసన వస్తుంది. కాలెండ్యులా ఆకులో ఇట్టి చుక్కలు ఉండవు, వాసన స్వల్పం.

3. పుచ్ఛకాలు: బంతిపూవు అడుగున ఉన్న పరిచక్ర పుచ్ఛావళిలోని పుచ్ఛకాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పచ్చని గిన్నెవలె ఏర్పడతాయి. కాలెండ్యులాలో పుచ్ఛకాలు విడివిడిగా ఉంటాయి.

4. విత్తనం: బంతి విత్తనం సన్నగా, నిటారుగా, నల్లగా ఉండి, కొనన పొలుసులవంటి కేశగుచ్ఛం కలిగి ఉంటుంది. కాలెండ్యులా విత్తనం వంకర తిరిగి, వీపున ముళ్ళవంటి బుడిపెలతో, ఇంచుమించు ఉంగరంవలె కనిపిస్తుంది.

వీటిలో విత్తనమే అన్నిటికంటె తేలికైన ఆధారం. విత్తనాల పొట్లం కొన్నవారు దానిని విప్పి చూచినంతనే ఏ మొక్కో తెలిసిపోతుంది. ఎండిన రేకుల పొడిగా కొన్నప్పుడు మాత్రం ఈ లక్షణాలు ఏవీ మిగలవు. అట్టి సందర్భంలో శాస్త్రీయ నామం ముద్రించి ఉన్న సరకునే కొనవలసిందిగా సూచించాలి.

కాలెండ్యులా: చర్మవైద్యంలో ఆధారాలు

కాలెండ్యులా పూలలో ఫారాడయాల్ ఎస్టర్లు అనే ట్రైటెర్పినాయిడ్లు, ఫ్లేవనాయిడ్లు, కెరటినాయిడ్లు ఉన్నవి. వాపును తగ్గించే గుణానికి ప్రధానంగా ఫారాడయాల్ ఎస్టర్లు కారణమని ప్రయోగశాల పరిశోధనలు సూచించాయి. చర్మంపై కలిగే స్వల్ప వాపులు, ఎండకు కమలడం, చిన్న గాయాలు, నోటిలోను గొంతులోను కలిగే స్వల్ప వాపులకు దీని వాడకాన్ని "సంప్రదాయ వినియోగం"గా ఐరోపా ఔషధ సంస్థ గుర్తించినది. ఇక్కడ "సంప్రదాయ" అనే మాటను విద్యార్థులు జాగ్రత్తగా అర్థం చేసికోవాలి. దీర్ఘకాలపు అనుభవాన్ని బట్టి అంగీకరించినదే గాని, విస్తృతమైన చికిత్సా పరీక్షల ద్వారా నిరూపించబడినదని దాని భావం కాదు.

చికిత్సా పరీక్షలలో తరచుగా ఉదహరించబడేది ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జరిగి 2004లో ప్రచురితమైన అధ్యయనం. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స అనంతరం రేడియేషన్ చికిత్స పొందుతున్న 254 మంది స్త్రీలను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి కాలెండ్యులా లేపనం, రెండవ వర్గానికి అప్పటికి వాడుకలో ఉన్న ట్రోలమిన్ లేపనం ఇచ్చారు. రెండవ స్థాయి లేదా అంతకు మించిన చర్మశోథ కాలెండ్యులా వర్గంలో 41 శాతం మందికి, ట్రోలమిన్ వర్గంలో 63 శాతం మందికి కలిగినది. కాలెండ్యులా వాడినవారికి నొప్పి కూడా తక్కువగా ఉన్నట్లు తెలిసినది. అయితే ఆ లేపనం రాసుకోవడం కష్టంగా ఉన్నదని వారిలో 30 శాతం మంది తెలిపారు.

ఈ ఫలితం ఒక నిర్దిష్టమైన లేపనానికి, ఒక నిర్దిష్టమైన చర్మ స్థితికి సంబంధించినది. దీనిని ఆధారం చేసికొని మొటిమలు, మంగు మచ్చలు, ముడతలు పోతాయని చెప్పరాదు. అంతకంటె ముఖ్యంగా, ఈ ఫలితాన్ని బంతిపూవుకు ఆపాదించరాదు. సామాజిక మాధ్యమాలలో వ్యాపించే చిట్కాలలో జరుగుతున్నది సరిగా ఇదే. కాలెండ్యులా పరిశోధనను చెప్పి, పక్కన బంతిపూవు చిత్రాన్ని ముద్రిస్తున్నారు.

బంతి: ఎండతో కలిసినప్పుడు

బంతి మొక్కలో థయోఫీన్లు అనే గంధక సమ్మేళనాలు కలవు. వాటిలో ప్రధానమైనది ఆల్ఫా-టెర్థైనైల్. నీలికాంతిని వెదజల్లే ఈ సమ్మేళనాన్ని జెక్‌మైస్టర్, సీజ్ అనే శాస్త్రజ్ఞులు 1947లో బంతి నుండి వేరుచేసి వర్ణించారు. ఇది వేర్లలో అధికంగాను, ఇతర భాగాలలో తక్కువగాను ఉంటుంది. కాలెండ్యులా కీర్తికి మూలమైన ఫారాడయాల్ ఎస్టర్ల స్థానంలో బంతి తైలంతో చర్మానికి చేరగల పదార్థం ఇది.

ఈ సమ్మేళనం సూర్యకాంతిలోని అతినీలలోహిత-ఎ కిరణాలను (320–400 నానోమీటర్లు) గ్రహించి, ఆ శక్తిని పరిసరాలలోని ఆక్సిజన్‌కు అందిస్తుంది. ఫలితంగా చురుకైన సింగ్లెట్ ఆక్సిజన్ ఏర్పడి జీవకణాల పొరలను దెబ్బతీస్తుంది. దీనినే కాంతిజనిత విషప్రభావం అంటారు. మానవ చర్మంపై ఆల్ఫా-టెర్థైనైల్‌కు ఈ ప్రభావం కలదని 1977లో కెనడా శాస్త్రజ్ఞులు ప్రచురించారు. ఇది అలర్జీ కాదు. అలర్జీ కొందరికి మాత్రమే వస్తుంది. కాంతిజనిత విషప్రభావం తగినంత మోతాదు, తగినంత ఎండ కలిసినప్పుడు ఎవరికైనా రావచ్చు. దక్కను పీఠభూమిపై, వేసవిలో ముఖానికి పూసుకొనే పదార్థం విషయంలో ఈ భేదం చాలా ముఖ్యమైనది.

ఐరోపా సమాఖ్య 2018లో చేసిన సవరణ ద్వారా టాజెటిస్ ఎరెక్టా పూల సారాన్ని, తైలాన్ని సౌందర్య సాధనాలలో నిషేధించినది. టాజెటిస్ పాట్యులా, టాజెటిస్ మైన్యూటా తైలాలను, సారాలను చర్మంపై ఉండిపోయే ఉత్పత్తులలో 0.01 శాతానికి, కడిగివేసే ఉత్పత్తులలో 0.1 శాతానికి పరిమితం చేసినది. వాటిలో ఆల్ఫా-టెర్థైనైల్ 0.35 శాతం మించరాదు. ఎండ నుండి రక్షణకు వాడే లేపనాలలో వీటిని వాడనే రాదు. మన తోరణాలకు వాడే పెద్ద ముద్దబంతి ఎరెక్టా జాతిదే అన్న విషయాన్ని ఇక్కడ గుర్తుచేసికోవాలి. దాని పూల సారం చేర్చిన ముఖలేపనం ఐరోపా విపణిలో అమ్మకానికి తగదు.

దీనిని బట్టి బంతిపూలను ముట్టుకోరాదని భావించనక్కరలేదు. ఇన్ని తరాలుగా స్త్రీలు, పురుషులు బంతిదండలు గుచ్చుతున్నారు, ధరిస్తున్నారు. తాజా పూవును తాకినప్పుడు చర్మానికి చేరే పరిమాణం స్వల్పం. నూనెలో కాచినప్పుడు, ఆవిరి పట్టి తైలం తీసినప్పుడు, మద్యసారంతో సారం తీసినప్పుడు మాత్రం నూనెలో కరిగే థయోఫీన్లు గాఢమవుతాయి. అట్టి తయారీని రోజూ ముఖానికి రాసి ఎండలో తిరగడమే సమస్య. తోరణం, దండ వేరు, లేపనం వేరు.

గృహవైద్యంలో బంతి

మన పల్లెలలో బంతి ఆకు పసరును సెగగడ్డలపై పట్టు వేయడం, చిన్న దెబ్బలపై పిండడం, చెవిపోటుకు చుక్కలుగా వేయడం, పూలరసాన్ని మొలల రక్తస్రావానికి ఇవ్వడం వాడుకలో ఉన్నవి. బంతిలోని క్వెర్సిటాజెటిన్, పాట్యులెటిన్ వంటి ఫ్లేవనాయిడ్లకు సూక్ష్మజీవనాశక, ప్రతిఆక్సీకరణ గుణాలు ప్రయోగశాల పరీక్షలలో కనిపించినందున ఈ వాడుకలకు కొంత హేతువు ఉండవచ్చు. కాని పరీక్షనాళికలో సూక్ష్మజీవిని అణచిన సారం మనిషి గాయంపై అదే పని చేయునని చెప్పడానికి మధ్యలో అనేక మెట్లు ఉన్నవి.

విస్తరణ శాస్త్రవేత్త ఇట్టి వాడుకలను ఎగతాళి చేయనక్కరలేదు. ప్రమాదం ఉన్న చోట మాత్రం స్పష్టంగా చెప్పాలి. చెవిలో పసరు వేయడం మానవలసిన పని. కర్ణభేరికి రంధ్రం ఉన్నదో లేదో ఇంట్లో తెలియదు, శుభ్రపరచని పసరుతో సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. లోతైన గాయాలు, కాలిన గాయాలు, మధుమేహ రోగుల కాలిపుండ్లపై ఏ పసరూ వేయరాదు. మొలల రక్తస్రావానికి వైద్యపరీక్ష అవసరం, ఎందుకనగా అదే లక్షణం పెద్దప్రేగు వ్యాధులలోనూ కనిపించగలదు.

బంతి అసలు సంపద: లుటీన్

చర్మలేపనంగా బంతికి చెప్పుకోదగిన ఆధారం లేకపోయినా, వైద్య ప్రపంచంలో దాని స్థానం చిన్నది కాదు. ప్రపంచ విపణిలోని లుటీన్‌కు ప్రధాన వనరు మన ముద్దబంతి రేకులే. లుటీన్, జియాజాంథిన్ అనే పసుపు వర్ణకాలు కంటి రెటినాలో చూపు స్పష్టతకు కీలకమైన మాక్యులా భాగంలో పేరుకొని ఉంటాయి. మానవ దేహం వీటిని స్వయంగా తయారుచేసికోలేదు. ఆహారం ద్వారానే పొందాలి.

దక్షిణ భారతంలో ఒప్పంద సేద్యం ద్వారా నారింజరంగు బంతిని పండించి పరిశ్రమలకు అందిస్తున్నారు. పసుపు పూలకంటె ముదురు నారింజ పూలలో లుటీన్ ఎక్కువ. కోసిన పూలను గాలి తగలకుండా మాగవేసి, నీటిని పిండి, ఆరబెట్టి, గుళికలుగా చేసి, హెక్సేన్ ద్రావణితో ఒలియోరెసిన్ తీస్తారు. రేకులలో లుటీన్ కొవ్వు ఆమ్లాలతో కలిసి ఎస్టర్ రూపంలో ఉంటుంది. దానిని క్షారంతో చర్య జరిపించి స్వేచ్ఛా లుటీన్‌గా మార్చి శుద్ధి చేస్తారు. కోళ్ళ దాణాలో కలిపిన బంతి వర్ణకం గుడ్డు సొనకు ముదురు పసుపు రంగునిస్తుంది. కోళ్ళ పరిశ్రమలో ముందున్న తెలుగు రాష్ట్రాలకు ఇది ప్రత్యక్షంగా సంబంధించిన విషయం.

లుటీన్ విషయంలోనూ అతిశయోక్తికి తావివ్వరాదు. అమెరికాలో 4,203 మందిపై జరిగి 2013లో ఫలితాలు వెలువడిన ఆరెడ్స్-2 పరీక్షలో, అప్పటికే వాడుకలో ఉన్న విటమిన్ల మిశ్రమానికి రోజుకు 10 మిల్లీగ్రాముల లుటీన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ చేర్చగా, వయోసంబంధిత మాక్యులా క్షీణత ముదరడంలో ప్రధాన విశ్లేషణలో గణనీయమైన అదనపు తగ్గుదల కనిపించలేదు. అయితే పాత మిశ్రమంలోని బీటా-కెరటిన్ పొగతాగిన చరిత్ర గలవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచుతున్నందున, దాని స్థానంలో లుటీన్ వాడడం సురక్షితమని తేలినది. కావున లుటీన్ గుళికలు కంటి వైద్యుని సలహాపై వాడదగిన పదార్థమే గాని, ఆరోగ్యవంతులందరూ కొనవలసిన మందు కాదు.

సామాన్య కుటుంబానికి లుటీన్ దొరికే చోటు కూరల బుట్ట. సికింద్రాబాదుకు ఆనుకొని ఉన్న తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలలో లుటీన్ విలువలు కూడా ఇవ్వబడినవి. తోటకూర, పాలకూర, మునగాకు వంటి ఆకుకూరలు దీనికి మంచి వనరులు. లుటీన్ కొవ్వులో కరిగేది గనుక కూరలో కొంచెం నూనె ఉండుట అవసరం. బంతిరేకులను నూరి కనురెప్పలపై పూసినంతమాత్రాన లుటీన్ రెటినాకు చేరదు.

అదే రసాయనం, పొలంలో మేలు

చర్మానికి ముప్పు తెచ్చే థయోఫీన్లే నేలలో రైతుకు మిత్రులు. బంతి వేర్లలోని ఆల్ఫా-టెర్థైనైల్‌కు నులిపురుగులను చంపే గుణం కలదని 1958లో హాలెండు శాస్త్రజ్ఞులు నిరూపించారు. వేరుబుడిపె నులిపురుగులు సోకిన కూరగాయల మడులలో పంటమార్పిడిగా బంతి వేయాలన్న సిఫారసుకు ఇది ఆధారం. టమాటలో కాయతొలుచు పురుగు నివారణకు ప్రతి 16 వరుసల టమాటకు ఒక వరుస బంతిని ఎర పంటగా వేయడం, అందుకు 25 రోజుల టమాట నారుతో పాటు 40–45 రోజుల బంతి నారును నాటడం విస్తరణ కార్యకర్తలకు తెలిసినదే. ఇక్కడ తల్లిపురుగును ఆకర్షించేది పూవు, కాబట్టి టమాట పూతకు వచ్చే వేళకు బంతి పూసి ఉండాలి.

ఈ సమ్మేళనం ఎండలో దోమ పిల్లలను కూడా చంపగలదని ప్రయోగాలలో తేలినది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ నగరపు గుమ్మాలకు వేలాడే పూవులో దోమ పిల్లలపై పనిచేసే పదార్థం ఉండడం విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం. అయితే గుమ్మానికి కట్టిన తోరణం దోమలను ఆపదు. పదార్థం నీటిలో తగిన గాఢతలో ఉండి, ఎండ తగిలినప్పుడే ఆ ప్రభావం కలుగుతుంది.

అలర్జీ: వయ్యారిభామతో బంధుత్వం

బంతి, కాలెండ్యులా, చామంతి, వయ్యారిభామ – ఈ నాలుగూ ఆస్టరేసి కుటుంబానికి చెందినవే. వయ్యారిభామ వలన కలిగే స్పర్శజన్య చర్మశోథ మన ప్రాంతపు రైతులలోను, వ్యవసాయ కూలీలలోను తరచుగా కనిపిస్తుంది. ముఖం, మెడ, మోచేతి మడతలు వంటి చోట్ల చర్మం మందమై, నల్లబడి, తీవ్రమైన దురద కలుగుతుంది. ఈ మొక్కకు అలర్జీ ఏర్పడినవారికి అదే కుటుంబంలోని చామంతి తదితర మొక్కల వలన కూడా ప్రతిచర్య రావచ్చు. కావున "సహజమైనది గనుక హాని లేదు" అన్న మాట వీరికి అసలు వర్తించదు. కాలెండ్యులా లేపనం సూచించే ముందు వయ్యారిభామ వలన ఎన్నడైనా దురద వచ్చినదా అని అడుగుట మొదటి ప్రశ్న కావాలి.

మార్కెట్టు పూలు చర్మానికి తగవు

తోరణం కొరకు పండించిన బంతి ఆహారపంట కాదు. ఎర్రనల్లి, తామర పురుగులు, మొగ్గతొలుచు పురుగు, ఆకుమచ్చ తెగులు నివారణకు పండుగ ముందు వరకు మందులు పిచికారీ చేయడం జరుగుతుంది. కూరగాయలకు పాటించే విధంగా పిచికారీకి, కోతకు మధ్య వ్యవధి పాటించవలెనన్న పట్టింపు పూలలో కానరాదు. పైగా రేకులు దట్టంగా ఉన్న పూవును కడిగినా లోపలి భాగం శుభ్రపడదు. మోండా మార్కెట్టులో కొన్న పూలనో, పూజ అనంతరం తీసిన దండలనో నూరి చర్మానికి పూయుట, స్నానపు నీటిలో వేయుట మంచిది కాదు. వాడిన పూలను కంపోస్టుకు, రంగుల తయారీకి వినియోగించడం మేలు.

కాలెండ్యులా: పెంపకం, ఇంటి తయారీ

కాలెండ్యులా చల్లని వాతావరణాన్ని కోరే ఏకవార్షిక మొక్క. మన ప్రాంతంలో ఇది శీతకాలపు పూలమొక్కగానే రాణిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో నారు పోసి, నాలుగైదు ఆకుల దశలో 30 సెంటీమీటర్ల ఎడంతో నాటినచో డిసెంబరు నుండి పూస్తుంది. ఎండలు ముదిరినకొద్దీ పూలు చిన్నవై మొక్క క్షీణిస్తుంది. నీరు నిలువని నేల, కుండీలు అనుకూలం. పూసిన పూలను కోస్తూ ఉన్నచో మళ్ళీ మళ్ళీ మొగ్గ తొడుగుతుంది.

మంచు ఆరిన తరువాత పూర్తిగా విచ్చిన పూలను కోసి, నీడలో పలుచగా పరచి, చేతితో నలిపితే పొడి అయ్యేంత వరకు ఆరబెట్టాలి. తడి మిగిలినచో నూనెలో బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఇంటి తయారీలు పాడగుటకు ఇదే సామాన్య కారణం. ఆరిన పూలను శుభ్రమైన సీసాలో వేసి, మునిగేంత వరకు నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని పోసి, చీకటిగా ఉన్న చోట నాలుగు వారాలు ఉంచి వడగట్టాలి. ఈ నూనెను పొడిబారిన చర్మానికి, ఎండకు స్వల్పంగా కమలిన చోట రాయవచ్చు. చీము పట్టిన గాయాలకు, కంటిలోపల వాడరాదు. వారంలో ఉపశమనం లేకున్నచో వైద్యుని సంప్రదించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. సలహా ఇచ్చేటప్పుడు "మారిగోల్డ్" అనే మాటను ఒంటరిగా వాడరాదు. బంతి అనో, కాలెండ్యులా అనో స్పష్టంగా చెప్పాలి. కరపత్రంలో శాస్త్రీయ నామం, ఆకు చిత్రం, విత్తనం చిత్రం ముద్రించాలి. పూవు చిత్రం ఒక్కటే చాలదు.

2. ఏ లేపనమైనా మొదట ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి 48 గంటలు గమనించవలసిందిగా చెప్పాలి. అయితే ఈ పరీక్ష అలర్జీని మాత్రమే తెలుపుతుంది. బట్టచాటున ఉన్న చర్మంపై కాంతిజనిత విషప్రభావం కనిపించదు. కావున చేతిపై ఏమీ కాలేదన్న కారణంతో బంతి లేపనాన్ని ముఖానికి రాసి ఎండలోకి పోవడం సురక్షితం కాదని వివరించాలి.

3. బంతి లేపనం రాసిన చోట ఎండ తగిలిన తరువాత మంట, ఎరుపు, బొబ్బలు కనిపించినచో వెంటనే సబ్బుతో కడిగి, ఆ భాగాన్ని ఎండ నుండి కాపాడి, చర్మవైద్యుని వద్దకు పంపాలి.

4. స్వయం సహాయక బృందాలు సబ్బులు, లేపనాలు తయారుచేసి అమ్మదలచినచో ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 1940, సౌందర్య సాధనాల నియమాలు 2020 ప్రకారం తయారీకి అనుమతి పొందాలి. వ్యాధిని నయం చేస్తుందని అట్టపై ముద్రించినచో ఆ ఉత్పత్తి సౌందర్య సాధనం కాక ఔషధం అవుతుంది, నిబంధనలు మరింత కఠినమవుతాయి. శిక్షణ తరగతి మొదటి రోజుననే ఈ విషయం చెప్పినచో బృందాలు పెట్టుబడి నష్టపోవు.

5. బంతి రైతుకు అదనపు ఆదాయం చూపదలచినవారు ముఖలేపనాల వైపు కాక, లుటీన్ పరిశ్రమకు తగిన ముదురు నారింజ రకాలు, ముందస్తు కొనుగోలు ఒప్పందం, పండుగ తేదీలకు సరిపడే నాటు సమయం, కూరగాయలలో ఎర పంట అనే మార్గాలను సూచించాలి.

ముగింపు

బంతిని తక్కువ చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. కంటికి పనికివచ్చే వర్ణకాన్ని, గుడ్డు సొనకు రంగును, నులిపురుగుల నుండి నేలకు రక్షణను, రైతుకు పండుగ ఆదాయాన్ని ఇస్తున్న మొక్క అది. చర్మలేపనాల కీర్తి మాత్రం దానిది కాదు, కాలెండ్యులాది. ఆ కీర్తికి కూడా పరిమితులు ఉన్నవి. ఔషధ మొక్కల విషయంలో విస్తరణ శాస్త్రవేత్త చేయదగిన మొదటి పని మొక్కను సరిగా గుర్తించడం, రెండవది ఆ మొక్కపైననే జరిగిన పరిశోధనను చూడడం, మూడవది ఆ పరిశోధన చెప్పినంత మేరకే చెప్పడం. ఈ క్రమాన్ని పాటించినచో పెరటి బంతి తోరణంగా, పంటగా తన స్థానంలో నిలుస్తుంది, దానిని నమ్మిన గృహిణి ముఖం ఎండకు బొబ్బలెక్కకుండా ఉంటుంది.